వెనక గేటు

మా అవ్వ పదకొండేళ్లు సికింద్రాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌లో గదులు ఊడ్చింది, తుడిచింది, పక్కలు మార్చింది. అమ్మని మా ఇళ్లల్లో అవ్వ అనే అంటాం. ఆ హోటల్ పేరు, అది ఉన్న రోడ్డు రాయను. ఆ పదకొండేళ్లలో అవ్వ ఆ పేరు రాసిన బోర్డు కింది నుంచి ఒక్కరోజు కూడా లోపలికి పోలేదు. పనోళ్లకు వెనక గేటు. సందులో చెత్త డబ్బాల పక్కనుంచి, జనరేటర్ పొగలోంచి దారి. పొద్దున పోయేటప్పుడు వేలిముద్ర వెయ్యాలె. సాయంత్రం వచ్చేటప్పుడు టిఫిన్ డబ్బా మూత తీసి చూపించాలె. అందులో సబ్బుముక్క ఉంటదేమోనని వాళ్ల భయం.

లష్కర్‌లో బతికినోళ్లకు ఈ వెనక గేటు కొత్త కాదు. ముసలోళ్లు సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అనే అంటరు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద, తెల్లోళ్ల పటాలాల కోసం వెలిసిన ఊరిది. ఆ దొరల బంగళాలకు వంటోళ్లు, ఆయాలు, గుర్రాల కాపరులు, పాయఖానాలు ఎత్తేటోళ్లు కావాల్సివచ్చింది. ఊళ్లల్లో వెట్టి తప్పించుకొని మనోళ్లు వచ్చి చేరిండ్రు. వెట్టి పోయి జీతం వచ్చింది. అది చిన్న సంగతేమీ కాదు, నేను తీసిపారెయ్యను. బంగళా వెనక గేటు మాత్రం అట్లనే ఉండిపోయింది. మా నాయిన మెదక్ జిల్లా నుంచి వచ్చి భోలక్‌పూర్ తోళ్ల గోదాముల్లో ఉప్పు పట్టించే పని చేసిండు. ఊరి చాయ్ హోటల్‌లో మాకు వేరే గ్లాసు, చూరులో చెక్కి ఉండేది. తాగి కడిగి మళ్లీ చూరులో పెట్టాలె. పట్నం వచ్చినంక ఇరానీ హోటల్‌లో బల్ల మీద కూర్చొని కప్పూసాసర్లో చాయ్ తాగిన మొదటి రోజు సంగతి నాయిన చచ్చేదాకా చెప్పిండు. కప్పు కడగబోతే సర్వర్ నవ్విండట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

నేను సర్కారు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తా. కొలువుకు పాతికేళ్లు నిండినయని తోటి లెక్చరర్లు చందాలేసుకొని ఒక కవరు చేతిలో పెట్టిండ్రు. అందులో కూపను. ఇద్దరికి ఒక రాత్రి గది, పొద్దటి టిఫిను, ఒకరికి గంట స్పా. నాలుగైదు హోటళ్ల పేర్లు ఉన్నయి, ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. అలసిన ఒంటికి, మనసుకు విశ్రాంతి అని ఇంగ్లీషులో బంగారు అక్షరాలతో అచ్చేసి ఉంది. ఇస్తూ ఇస్తూ ఒకాయన, "మీకేం మేడమ్, అన్నీ ఫ్రీగానే వస్తయి గద" అని నవ్విండు. అందరూ నవ్విండ్రు. నేను కూడా నవ్విన. పాతికేళ్ల సర్వీసులో నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

ఆ పేర్లల్లో అవ్వ పనిచేసిన హోటల్ ఉంది. కావాలనే దాన్ని ఎంచుకున్న. అవ్వను ముందు గేటు నుంచి తీసుకుపోవాలె అనుకున్న. అదేదో పెద్ద పోరాటమన్నట్టు రెండు రోజులు నాలో నేనే పొంగిపోయిన. అవ్వకు చెప్తే, "నన్నెందుకు కొంటవోతవే? మల్ల ఊడ్వనీకా?" అన్నది.

పోయినం. గేటు దగ్గర సెక్యూరిటీ పిల్లగాడు మా బస్తీ అవతలి బస్తీ వాడే. గుర్తుపట్టి, "పెద్దమ్మా, నువ్వా!" అని, వెంటనే పక్కకు చూసి "వెల్‌కమ్ మేడమ్" అన్నడు. అవ్వ పాలరాతి మెట్టు దగ్గర ఆగింది. వంగి చెప్పులు విడిచింది. చేతిలో పట్టుకుంది. దొర గడీ ముందు నుంచి మా తాతలు చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిన సంగతి మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పిన్నో! చెప్పులు కుట్టిన ఇంటి మనిషి, నా కన్నతల్లి, నా ముందర అట్ల నిలబడితే నాకు నోట మాట రాలేదు. "తొడుక్కోవే" అని గదిమిన. "ఇప్పుడే తుడిసిండ్రే, తడి ఉన్నది" అన్నది. ఆమె గడీని చూడలేదు, తడిని చూసింది. నా చదువుకు ఆ తేడా తెలవలేదు.

గదిలోకి పోంగనే అవ్వ చేసిన మొదటి పని, పరుపు కొస ఎత్తి చూసుడు. "కోన సరిగ మడవలే. కొత్త పిల్ల ఉన్నట్టుంది" అన్నది. రోజుకు పదహారు గదులు చేసేదట. ఒక్కో గదిలో రెండు పక్కలు, నాలుగు తువాళ్లు, స్నానాల గది నేల మోకాళ్ల మీద కూర్చొని తుడుచుడు. ఎవరి వాంతులు, ఎవరి మైల, ఎవరి వెంట్రుకలు అని అడగొద్దు. ఆ మోకాళ్లు ఇప్పుడు మెట్లెక్కవు. కాంట్రాక్టరు మారిన రోజు పాత జాబితాలో ఉన్నోళ్లను అందర్నీ వద్దన్నరు. పదకొండేళ్ల కాగితం ఒక్కటి కూడా చేతికి రాలేదు.

హోటల్ అంటే ఏమిటో అవ్వ చెప్పగా నాకు అర్థమైంది ఇది: ఊరికి వాడ పక్కనుంటది, హోటల్‌కు వాడ కిందుంటది. నేల కింద అంతస్తులో ఉతుకుడు, బాయిలర్లు, చెత్త వేరు చేసుడు, మురికినీళ్ల ట్యాంకు. అవ్వతో పాటు పక్కలు మార్చినోళ్లు, కక్కసులు కడిగినోళ్లు మాలమాదిగలే. ఉతుకుడు దగ్గర చాకలోళ్లు. పైన రిసెప్షన్‌లో ఎవరుంటరో నేను చెప్పనక్కరలేదు. ఉద్యోగ ప్రకటనలో కులం అడగరు. అడిగే అవసరం ఉంటే గద! 2019 జూన్‌లో గుజరాత్ వడోదర జిల్లాలో ఒక హోటల్ సెప్టిక్ ట్యాంకులో దిగి ఏడుగురు ఊపిరాడక చచ్చిపోయిండ్రు. మనుషులతో పాకీపని చేయించుడు నేరమని 2013లో చట్టం వచ్చినంక ఆరేళ్లకు. పైన గదుల్లో ఆ రాత్రి ఏసీలు ఆగి ఉంటయా?

స్పాకు నేనొక్కదాన్నే పోయిన. అవ్వ రానన్నది. "ఒళ్లు పట్టిచ్చుకోనీకి నేనేమన్న బాలెంతనా" అన్నది. చీకటి గది, దీపాలు, ఏదో వాసన, చెవుల్లో నీళ్ల చప్పుడు. ఇరవై రెండేళ్లుంటయేమో ఆ పిల్లకు. "ప్రెషర్ సరిపోయిందా మేడమ్" అని మాటిమాటికి అడిగింది. ఆమె బొటనవేలు మొదట్లో వాపు, దానికి పట్టీ. రోజుకు ఆరేడు ఒళ్లు పట్టాలట. నా ఒళ్లు సుఖపడ్డది. అబద్ధమెందుకు చెప్పాలె? పుట్టి బుద్ధెరిగినంక నా వీపు మీద ఇంకో మనిషి చెయ్యి అంత ఓపికగా పడింది అదే మొదలు.

పడుకొనే ఆలోచించిన. స్పా అనేది బెల్జియంలో ఊటనీళ్లకు పేరుపడ్డ ఒక ఊరి పేరు. ఆ పేరు పెట్టి అమ్మేది ఏంది? నూనె రాసి ఒళ్లు పట్టుడు. మన ఊళ్లల్లో దొరకు, దొరసానికి మంగలోళ్లు తరతరాలుగా చేసిన పని. బాలింతకు మంత్రసాని చేసిన పని. దానికి కూలి ఏడాదికింత గింజలు, పైగా పొద్దున ఎదురొస్తే అపశకునమన్న పేరు. అదే చేతిపనికి బాలినీస్ అని పేరు పెడితే గంటకు వేలు. ఆ వేలల్లో బొటనవేలు వాచిన పిల్లకు ఎంత పోతుందో అడగండి.

ఇంకో మాట. ముట్టుడు గురించి. 1985 జూలైలో కారంచేడులో గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. తాగే నీళ్లు ఖరాబు చెయ్యొద్దన్నందుకు, మున్నంగి సువార్త అనే మాదిగ తల్లి బిందె ఎత్తినందుకు ఆరుగురిని చంపిండ్రు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిన సంగతి ముదిరి ముదిరి ఆగస్టు 6న ఎనిమిది శవాల దాకా పోయింది. చెరువు, సినిమా హాలు. రెండూ పదిమందీ కలిసే జాగాలే. ముట్టుకుంటే చంపిన దేశంలో ముట్టుకున్నందుకు రేటు కార్డు వేలాడదీసిండ్రు. చీకటి గదిలో ఆ పిల్ల ఎవరో, ఏ వాడనో పెద్దకులం వీపుకు అక్కర లేదు. గంట అయిపోయి బయటికొస్తే మళ్లీ ఎవరింట్లో వాళ్లకు మడి. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చవదార్ చెరువు నీళ్లు తాగినంక పెద్దకులాలోళ్లు పేడ, ఉచ్చ కలిపి ఆ చెరువును శుద్ధి చేసిండ్రు. ఇప్పుడు స్పాల్లో ఒంటి శుద్ధికి వేరే ప్యాకేజీ ఉంది. శుద్ధి పిచ్చి ఈ దేశాన్ని విడిచిపెట్టదు.

నేనేమన్నా తక్కువ తిన్ననా? చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మీదే ఊరమ్మా" అని ఆ పిల్లను అడిగిన. చెప్పింది. "ఊళ్లో ఎక్కడ?" అని మళ్లీ అడిగిన. ఆ పిల్ల ముఖం మూసుకుంది. కిరాయి ఇంటికోసం నేను మారేడుపల్లిలో, పద్మారావునగర్‌లో తిరిగిన రోజుల్లో ఇంటోళ్లు ఇట్లనే ఊరితో మొదలుపెట్టి, వీధి దాకా వచ్చి, "మీరేంట్లు?" అనే వాళ్లు. మనోళ్లేమోనన్న ప్రేమతోనే అడిగిన్ననుకుంటున్న. కానీ బల్ల మీద పడుకున్నది నేను, నిలబడి చేసింది ఆమె.

విద్యార్థి మిత్రులకు ఒక సంగతి గుర్తుచేయాలె. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు తీసి చదవండి. దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు ఒక వాక్యంలో ఉంటయి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, సర్కారు సొమ్ముతో నడిచే పదిమంది తిరిగే జాగాలు ఇంకో వాక్యంలో ఉంటయి. హోటల్, పార్కు రెండూ ఒక్క క్లాజులోనే. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో దీనిమీద చర్చ జరిగినప్పుడు దుకాణం అంటే ఏంది, బట్టలుతికేది, క్షవరం చేసేది కూడా వస్తయా అన్న ప్రశ్న వచ్చింది. వస్తయన్నడు అంబేద్కర్. వచ్చినోడికల్లా సేవ చేస్తానని కూర్చున్న జాగా ఏదైనా దుకాణమే అని విడమర్చి చెప్పిండు. శ్మశానం సంగతేంది అని అడిగితే, సర్కారు సొమ్ముతో నడిచేదైతే అదీ ఇందులోకే వస్తదన్నడు. అంటరానితనం రద్దు చేసే అధికరణాన్ని సభ ఒప్పుకున్నదీ ఆరోజే. చాకలి బండ, మంగలి కత్తి, బొందలగడ్డ. ఈ మూడింటి దగ్గర మనల్ని ఎట్ల నిలబెట్టిండ్రో తెలిసిన మనిషి కాబట్టి ఆయనకు జవాబు వెతుక్కునే పని పడలేదు.

మరి ఆ క్లాజు నాకు హోటల్ తలుపు తెరిచిందా? తెరిచింది. రిజర్వేషన్ కొలువు లేకుంటే ఆ కూపను నా చేతికి రాదు. కానీ పైసలున్నోళ్లకు తలుపు తెరుచుడు, తలుపులన్నీ తెరుచుడు ఒకటి కాదు. మా నాయిన ఇరానీ హోటల్ బల్ల మీద కూర్చున్నప్పుడు ఆయన వెనక మా వాడంతా కూర్చున్నట్టే ఉండె. నేను ఏసీ గదిలో పడుకుంటే మా వాడ ఒక్కటి కూడా పైకి రాలేదు. ఆ రాత్రి నా గది కింద నాలుగో అంతస్తులోనో, ఐదో అంతస్తులోనో ఇంకో అవ్వ మోకాళ్ల మీదనే ఉంది. దళితులు కూడా ఫైవ్ స్టార్లకు పోతున్నరు, ఇంకా కులమేంది అని రాసే సంపాదకులకు ఒక్క మాట: మేము ముందు గేటు నుంచి ఎందరం పోతున్నమని కాదు, వెనక గేటు నుంచి మేము తప్ప ఇంకెవరన్నా పోతున్నరా అని లెక్క పెట్టండి.

పొద్దున లేచేసరికి పక్క పరిచి ఉంది. మడత పెట్టిన కోన గట్టిగా, గీత గీసినట్టు ఉంది. అవ్వ స్నానాల గదిలో వాడిన తువాళ్లు ఒక దగ్గర కుప్పేసి, బేసిన్ తుడుస్తున్నది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ కొలువు కాదే ఇది! పైసలు కట్టినం మనం! సిగ్గు లేదా నీకు?" అని అరిచిన. అవును, ఆ మాటే అన్న. ఇరవై ఏళ్లుగా ఆత్మగౌరవం మీద ఉపన్యాసాలు ఇస్తున్నదాన్ని.

అవ్వ గుడ్డ పిండి ఆరేసి, "ఎవతో ఒకతి రావాలె గద బిడ్డా. దానికి గూడ పదారు గదులుంటయి" అన్నది.

కాసేపు అయినంక కిటికీ దగ్గర నిలబడి, దూరంగా చెట్ల మీద కనిపించే పెద్ద జెండా చూపించి, "అది మన సంజీవయ్య పార్కే గద? అక్కడికి పోదాం" అన్నది. 2016 జూన్ 2న ఎత్తిన జెండా అది. స్తంభం 291 అడుగులు. సాగర్ గాలికి ఆ జెండా చిరుగుతుంటదని, మారుస్తుంటరని పేపర్లో చదివిన. టిఫిన్ తినకుండానే ఆటో ఎక్కినం.

దామోదరం సంజీవయ్య కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో ఒక మాల ఇంట్లో పుట్టిండు. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. అదే కాలంలో మన లష్కర్ ఆడబిడ్డ టి.ఎన్. సదాలక్ష్మి శాసనసభకు డిప్యూటీ స్పీకర్. ఆమె కథ గోగు శ్యామల 'నేనే బలాన్ని' పేరుతో 2011లో తెచ్చింది, చదవకుంటే చదవండి. ముసలోళ్లకు పింఛను ఈ రాష్ట్రంలో మొదలైంది సంజీవయ్య ప్రభుత్వంలోనే. మా అవ్వ ఇప్పుడు నెలనెలా తెచ్చుకునే పింఛనుకు మొదలు అక్కడుంది. తర్వాత ఆయన కేంద్రంలో కార్మిక మంత్రి. 1965 బోనస్ చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. మా అవ్వ పదకొండేళ్లలో ఒక్క బోనస్ రూపాయి ముఖం చూడలేదు. 1972 మేలో పోయిండు. ఆయన సమాధి ఆ పార్కు దగ్గర్నే.

నా క్లాసులో ఒక పిల్లగాడిని, సంజీవయ్య పార్కుకు ఆ పేరెట్ల వచ్చిందిరా అంటే, సంజీవని మొక్కలు ఉంటయి కావచ్చు మేడమ్ అన్నడు. వాడు మాల పిల్లగాడు. వాణ్ని ఏమనాలె? పార్కు ముందర పోయే నెక్లెస్ రోడ్డుకు 2021లో పి.వి. నరసింహారావు పేరు పెట్టిండ్రు, విగ్రహం పెట్టిండ్రు, శతజయంతి చేసిండ్రు. చేసుకోనియ్యండి. అదే 2021 సంజీవయ్యకూ నూరేళ్ల ఏడాది. ఇద్దరూ 1921లో పుట్టినోళ్లే, ఇద్దరూ ముఖ్యమంత్రులే. నూరేళ్ల పండుగ ఎవరిది మీ చెవిన పడిందో మీరే గుర్తుచేసుకోండి.

గేటు దగ్గర టికెట్ కిటికీ. అవ్వ నా ముఖం చూసింది. "మన సంజీవయ్యను చూడనీకి మనకు టికెట్టా?" అన్నది. ఎంత అని కాదు నా మాట. చిన్న టికెట్టే అంటరు, పార్కు శుభ్రంగా ఉండాలంటే తప్పదంటరు. శుభ్రం అన్న మాట విన్నప్పుడల్లా మా ఒళ్లు జలదరిస్తది, అది ఎవరిని బయటికి తోసేటందుకు పుట్టిన మాటనో మాకు తెలుసు. బస్తీలో ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంటికి పార్కు సోకు కాదు. ఆ ఇంటికి లేని వాకిలి అది, చెట్టు అది. ఆరు టికెట్లు కొని వాకిట్లో కూర్చునేటోళ్లు ఎవరన్నా ఉంటరా? సర్కారు సొమ్ముతో నడిచే జాగా అని రాజ్యాంగం రాసింది దీన్నే గద!

అవ్వ రాత్రి డ్యూటీలు చేసిన రోజుల్లో, పొద్దున మొదటి బస్సు దొరికేదాకా వాళ్లు నలుగురైదుగురు ఆడోళ్లు ఇంకో పార్కులో, పేరెందుకులే, గడ్డి మీద కొంగు పరుచుకొని ఒరిగేటోళ్లట. వాచ్‌మన్ కర్రతో పొడిచి లేపేటోడట. పార్కు నడవనీకి, పండనీకి కాదు అని. రాత్రంతా ఇంకొకరి పక్కలు పరిచినోళ్లకు కునుకు తీస్తే నేరం. అదే పార్కులో రాత్రంతా ఏసీలో పండినోళ్లు పొద్దున చెమట కోసం పరుగెత్తితే ఆరోగ్యం. మన అలుపును ఈ సమాజం అలుపు అనదు, సోమరితనం అంటది. కూపను మీద బంగారు అక్షరాల్లో రాసిన అలసిన ఒళ్లు ఎవరిదో నాకు అప్పుడు బాగా అర్థమైంది. అవ్వది కాదు.

రెండు టికెట్లు తీసుకొని లోపలికి పోయినం. అవ్వ ఈసారి చెప్పులు విడవలేదు. కొంత దూరం నడిచి, మోకాలు పట్టుకొని, ఒక చెట్టు కింద గడ్డి మీద కూర్చుంది. సాగర్ దిక్కు నుంచి వాసన వస్తున్నది, కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా తెచ్చి పోసే ఊరి మురుగు వాసన. "గబ్బు" అన్నది అవ్వ, ముక్కుకు కొంగు పెట్టుకొని. అట్లనే పక్కకు ఒరిగింది. రాత్రి ఆ మెత్తటి పరుపు మీద నిద్ర పట్టలేదట. నిమిషంలో గురక.

దూరంగా ఎవరిదో ఈల వినపడ్డది. మా దిక్కో కాదో తెలవలేదు. నేను లేచి అవ్వకు అడ్డంగా, దారి వైపు ముఖం పెట్టి కూర్చున్న. గది ఖాళీ చేసే టైము పన్నెండు. ఫోన్ రెండుసార్లు మోగింది, హోటల్ నంబరే. తియ్యలేదు.